నంబరుంది, జీవో లేదు

2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ జీవోల వెబ్‌సైట్‌ తెరిచినవారికి ఒక వింత ఎదురైంది. శాఖ పేరు ఉంది, జీవో నంబరు ఉంది, తేదీ ఉంది. అందులో ఏముందో చెప్పాల్సిన చోట మాత్రం ఖాళీ. అడిగితే ‘కాన్ఫిడెన్షియల్’ అన్నారు. అప్పటి ప్రతిపక్షం గవర్నర్‌కు ఫిర్యాదు చేసింది. ఆ తర్వాత ఖాళీ జీవోల గొడవే లేకుండా పోయింది, ఎందుకంటే అదే నెలలో జీవోలను ఆ సైట్‌లో పెట్టడమే ఆపేశారు. విమర్శలు వచ్చాక ఈ-గెజిట్ అని ఇంకో సైట్ తెచ్చారు కానీ అందులోకి అన్నీ రావని ముందే చెప్పారు. గోప్యమైనవి రావు, పెద్దగా ప్రాధాన్యం లేని రోజువారీవి రావు. ఏది గోప్యం, దేనికి ప్రాధాన్యం లేదు అనేది తేల్చేది మాత్రం ఆ జీవో ఇచ్చిన శాఖే.

జీవో అంటే గవర్నమెంట్ ఆర్డర్ అని విడమరిచి చెప్పాల్సిన పని తెలుగువాళ్లకు లేదు. టీచర్ల బదిలీలు, ఉద్యోగుల డీఏ, కాంట్రాక్టర్ బిల్లు, పొలం మీదుగా పోయే రోడ్డుకు భూసేకరణ, అన్నీ ‘జీవో వచ్చిందా?’ అన్న ప్రశ్న దగ్గరే ఆగుతాయి. వాటిలో ఎమ్మెస్, ఆర్టీ అని రకాలున్నాయి. విధాన నిర్ణయాలు ఎమ్మెస్ వరుసలో, రొటీన్ వ్యవహారాలు ఆర్టీ వరుసలో వస్తాయి. రొటీన్ అన్న మాట వినగానే పట్టించుకోనక్కర్లేదనిపిస్తుంది కానీ డబ్బు విడుదల, ఫలానా అధికారికి ఫలానా పోస్టు, ఫలానా సంస్థకు ఫలానా వెసులుబాటు ఎక్కువగా కనిపించేది ఆ ఆర్టీల్లోనే.

జీవో దొరక్కపోతే వచ్చే చిక్కు పత్రికలవాళ్లకే కాదు. ఒక ఉత్తర్వు వల్ల నష్టపోయిన రైతు దాన్ని హైకోర్టులో సవాలు చేయాలంటే ముందు దాని కాపీ జత చేయాలి. కాపీ లేకుండా లాయరు దగ్గరికెళ్తే ఆయన అడిగే మొదటి మాట ‘జీవో ఏదీ?’ అనే. చూడలేని ఉత్తర్వు మన మీద అమలవుతూనే ఉంటుంది, దాని మీద పోట్లాడే దారి మాత్రం మూసుకుపోతుంది. ఇక్కడ ఎవరూ ఏ హక్కునూ రద్దు చేయలేదు. ఒక వెబ్‌సైట్ ఆగింది, అంతే.

విచిత్రమేమిటంటే అదే ఆగస్టులో తెలంగాణ హైకోర్టు ముందు కూడా ఇదే పేచీ నడిచింది. దళితబంధు కింద యాదాద్రి భువనగిరి జిల్లా వాసాలమర్రికి డబ్బు విడుదల చేశారు. మార్గదర్శకాలేమిటో, జీవో ఏమిటో బయట పెట్టలేదంటూ పిటిషన్ పడింది. ఏ జీవో అయినా ఇచ్చిన 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని కోర్టు చెప్పింది. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. జీవోలు పెట్టడం లేదన్న ఫిర్యాదు మారలేదు, ఫిర్యాదు చేసే పార్టీ, జవాబు చెప్పాల్సిన పార్టీ కుర్చీలు మార్చుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ప్రభుత్వం మారాక పాత సైట్ మళ్లీ తెరిచారు. అది మంచిదే. అయితే ఒక మెమోతో ఆగిపోయి, ఇంకో ఉత్తర్వుతో తిరిగొచ్చేది హక్కు ఎలా అవుతుంది? అది ఇచ్చినవాళ్ల దయ.

ఈ అలవాటు వేళ్లు వెతకాలంటే మంత్రుల ప్రమాణ స్వీకారం చూస్తే చాలు. టీవీల్లో ‘గవర్నర్ పదవీ ప్రమాణం, గోప్యతా ప్రమాణం చేయించారు’ అని ఒక్క ఊపులో చదివేస్తారు. నిజానికి అవి రెండు వేర్వేరు ప్రమాణాలు. రాజ్యాంగం మూడో షెడ్యూల్లో ఉన్నాయి. మంత్రిగా తన దృష్టికి వచ్చిన విషయాన్ని విధి నిర్వహణకు అవసరమైతే తప్ప ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ ఎవరికీ వెల్లడించనని ఆ రెండో ప్రమాణం. తన దృష్టికి వచ్చింది జనానికి చెబుతానన్న ప్రమాణం మాత్రం ఏ షెడ్యూల్లోనూ లేదు. దాని వెనక 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఉంది. తెల్లవాళ్లు తమ పాలనను కాపాడుకోవడానికి రాసుకున్న చట్టం అది. స్వతంత్రం వచ్చాక చాలా చట్టాలు పోయాయి గానీ ఇది మాత్రం చెక్కుచెదరలేదు. ‘రహస్యం’ అంటే ఏమిటో అందులో సరిగ్గా నిర్వచించను కూడా లేదు. అందుకే గుమాస్తా స్థాయి నుంచి కార్యదర్శి దాకా ఫైల్ మూసి ఉంచితే ఉద్యోగం భద్రం, తెరిస్తేనే ముప్పు అన్న లెక్క స్థిరపడిపోయింది.

1975లో రాజ్‌నారాయణ్ కేసులో జస్టిస్ కె.కె. మాథ్యూ ఈ లెక్కను తిరగేశారు. ప్రభుత్వ సేవకులు ప్రజా వ్యవహారంగా చేసే ప్రతి పనినీ తెలుసుకునే హక్కు ప్రజలకుందని అన్నారు. ఆ ఏడాది జూన్‌లోనే ఎమర్జెన్సీ వచ్చింది కాబట్టి ఆ మాట చాలాకాలం తీర్పు పుస్తకాల్లోనే ఉండిపోయింది.

దాన్ని బయటికి తెచ్చింది కోర్టులు కాదు, కరువు పనికి వెళ్లిన కూలీలు. రాజస్థాన్‌లో అరుణా రాయ్ తదితరుల మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994లో ఊళ్లలో బహిరంగ విచారణలు మొదలుపెట్టింది. సంపాదించిన మస్టర్ రోళ్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, బిల్లులు తెచ్చి ఊరందరి ముందూ చదివారు. కట్టని భవనాలకు బిల్లులు, రాని కూలీలకు హాజర్లు బయటపడ్డాయి. ‘హమారా పైసా, హమారా హిసాబ్’ అన్న నినాదం అక్కడిదే. 1996లో బ్యావర్‌లో 40 రోజులు ధర్నా చేశారు. ఆ ఒత్తిడే పెరిగి పెరిగి 2005 సమాచార హక్కు చట్టమైంది. అక్టోబరు 12న అమల్లోకి వచ్చింది. అంతకుముందు 2002లో పార్లమెంటు ఒక సమాచార చట్టం చేసింది కానీ దాన్ని అమల్లోకి తెచ్చే తేదీ ప్రకటించనే లేదు. చట్టాన్ని చంపడానికి రద్దు అక్కర్లేదని అప్పుడే తెలిసొచ్చింది.

తెలుగు నేల మీద ఈ హక్కు అసలు రుచి చూపించింది సామాజిక తనిఖీ. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆ ఏడాదే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తనిఖీలూ మొదలయ్యాయి, 2009లో వాటికోసం ప్రత్యేకంగా ఒక సొసైటీ పెట్టారు. ఒక రాష్ట్ర ప్రభుత్వం తన ఖర్చు మీద తానే జనం చేత ఇంత పెద్ద ఎత్తున లెక్క అడిగించడం దేశంలో అదే మొదలు. కూలీల ఇళ్లలోని చదువుకున్న పిల్లలకే శిక్షణ ఇచ్చి ఊళ్లకు పంపారు. వాళ్లు మస్టర్ కాగితం పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, నువ్వు ఫలానా వారం ఆరు రోజులు పనికెళ్లావా, ఇంత కూలి అందిందా అని అడిగేవారు. చివర్లో మండల కేంద్రంలో ప్రజావేదిక. ఫీల్డ్ అసిస్టెంట్, టెక్నికల్ అసిస్టెంట్, ఎంపీడీవో, జిల్లా అధికారులు అందరూ కూర్చుంటే పేర్లు పైకి చదివేవారు. చనిపోయినవాళ్లు చెరువు మట్టి ఎత్తిన సంగతి, ఊరొదిలి వలసపోయినవాళ్లు ఊళ్లో గుంతలు తవ్విన సంగతి అక్కడే తేలేది. తిన్న డబ్బంతా వసూలైందా అంటే కాలేదు. సస్పెండైనవాళ్లు కొన్నాళ్లకు తిరిగొచ్చిన సందర్భాలూ ఉన్నాయి. అయినా, అక్షరం రాని మనిషి ఆఫీసరును ఎదురుగా నిలబెట్టి ‘నా పేరు మీద సంతకం ఎవరు పెట్టారు?’ అని అడగగలిగిన చోటు అంతకుముందు లేదు.

మొత్తం వ్యవస్థ నిలబడింది ఒక చిన్న విషయం మీద. పేర్లు కనబడాలి. ఎవరి పేరు, ఎన్ని రోజులు, ఎంత డబ్బు అన్నది కనిపించకపోతే దొంగ హాజరు పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఫలానా మండలంలో ఇన్ని లక్షలు ఖర్చయ్యాయి అన్న మొత్తం అంకె ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది.

ఇప్పుడు దెబ్బ పడింది సరిగ్గా అక్కడే. సమాచార హక్కు చట్టంలో 8(1)(జె) అని ఒక క్లాజు ఉంది. ప్రజా వ్యవహారంతో సంబంధం లేని వ్యక్తిగత సమాచారాన్ని, లేదా ఒకరి ప్రైవసీలోకి అనవసరంగా చొరబడే సమాచారాన్ని ఇవ్వక్కర్లేదని 2005లో రాశారు. విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే అదీ ఇవ్వాలన్నారు. పార్లమెంటుకో శాసనసభకో నిరాకరించలేని సమాచారాన్ని మామూలు పౌరుడికీ నిరాకరించకూడదని కింద ఒక వాక్యం చేర్చారు. ఎమ్మెల్యేకు చెప్పేది ఎల్లయ్యకూ చెప్పాలి, అదీ దాని అర్థం. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేస్తూ, అందులో 44(3) అనే సెక్షన్‌తో ఈ క్లాజును కోసేశారు. ఇప్పుడు మిగిలింది ఒక్క ముక్క: వ్యక్తిగత సమాచారానికి సంబంధించినదైతే ఇవ్వక్కర్లేదు. షరతులు పోయాయి, ఎల్లయ్య వాక్యమూ పోయింది. 2025 నవంబరులో ఇది అమల్లోకి వచ్చింది.

ప్రభుత్వ వాదన కొట్టిపారేయదగ్గది కాదు. ప్రైవసీ ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టే చెప్పింది. పైగా ప్రజా ప్రయోజనం ఎక్కువైతే మినహాయింపు ఉన్నా సమాచారం ఇవ్వొచ్చన్న 8(2) అలాగే ఉంది. కాగితం మీద నిజమే. ఆచరణలో చూడాల్సింది సీటులో కూర్చున్న మనిషిని. మునుపు ఆయన ‘ఇది ప్రజా వ్యవహారం కాదు’ అని చూపించి నిరాకరించాలి. ఇకపై కాగితంలో ఒక పేరుంటే చాలు. ప్రజా ప్రయోజనం ఎక్కువ అని తేల్చి ఇస్తే రేపు పైవాళ్లు అడుగుతారు, ఇవ్వకపోతే ఎవరూ అడగరు. ఏ గుమాస్తా అయినా ఏ దారి పడతాడో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. టెండరు దక్కించుకున్నవాడికి పేరుంటుంది, బిల్లుపై సంతకం చేసిన ఇంజనీరుకు పేరుంటుంది, బ్యాంకు అప్పు ఎగ్గొట్టినవాడికీ ఉంటుంది.

ఎవరూ అడగరు అనడం ఊరికే కాదు. దరఖాస్తు ఫీజు పది రూపాయలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నిబంధనల ప్రకారం ఊరి స్థాయి కార్యాలయంలో అసలు ఫీజే లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా పని కాకపోతే రెండో అప్పీలు సమాచార కమిషన్‌కు. తప్పు చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25 వేల దాకా జరిమానా వేసే అధికారం ఉన్నది కమిషన్‌కే. చట్టానికి ఉన్న కోర అదొక్కటే.

ఆ కోర పీకడానికీ సవరణ అవసరం పడలేదు. కమిషనర్లను నియమించకుండా ఊరుకుంటే సరిపోయింది. తెలంగాణ సమాచార కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా ఒక్క కమిషనర్ కూడా లేరు. 2025 మేలో నియామకాలు మొదలయ్యేదాకా ఆఫీసు ఉంది, బోర్డు ఉంది, అప్పీళ్లు తీసుకునే కౌంటరు ఉంది, వినే మనిషి లేడు. ఆ కాలంలో పాలించింది ఒక పార్టీ కాదు, రెండు. జార్ఖండ్‌లో 2020 నుంచీ ఇలాగే ఏళ్లు గడిచాయి. ఖాళీలు సకాలంలో నింపాలని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పినా ఇదీ వరస. కమిషనర్లు ఉన్నచోట కూడా వాళ్ల వెన్ను మెత్తబడింది. 2019 దాకా పదవీకాలం ఐదేళ్లని చట్టంలోనే ఉండేది, కేంద్ర కమిషనర్ల జీతం ఎన్నికల కమిషనర్లతో సమానంగా ఉండేది. ఆ ఏడాది సవరణతో రెండూ కేంద్రం నిర్ణయానికి పోయాయి. పదవీకాలం మూడేళ్లకు తగ్గింది. ఎవరి ఫైళ్లు తెరిపించాలో వాళ్లే జీతం నిర్ణయిస్తారన్నమాట.

గోప్యత ఎక్కడా ఉండకూడదని ఎవరూ అనరు. పదో తరగతి క్వశ్చన్ పేపర్ పరీక్ష దాకా రహస్యమే, టెండరు కవరు తెరిచేదాకా రహస్యమే. పోలీసులు ఎక్కడ దాడి చేయబోతున్నారో ముందు చెప్పరు. వీటన్నిటికీ ఒక గడువుంది, ఆ గడువు ఎప్పుడో అందరికీ తెలుసు. పైన చెప్పుకున్న ఖాళీ జీవోకు అలాంటి గడువు లేదు, ఎందుకు దాచారో అడగడానికి మనిషీ లేడు. రెంటికీ తేడా అదే.

నిజంగా చెప్పాలనుకుంటే ఎంతసేపు పడుతుందో ఎన్నికల బాండ్ల కేసు చూపించింది. 2018లో మొదలైన ఆ పథకంలో ఏ కంపెనీ ఏ పార్టీకి ఎంతిచ్చిందో ఓటరుకు తెలిసే వీలు లేదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి వివరాలు బయట పెట్టమంది. స్టేట్ బ్యాంకు జూన్ 30 దాకా టైమ్ అడిగింది, అంటే ఎన్నికలు అయిపోయేదాకా. మార్చి 11న కోర్టు కుదరదు, రేపటికల్లా ఇవ్వమంది. మర్నాడు ఇచ్చేశారు! హైదరాబాద్ కేంద్రంగా ఉన్న మేఘా ఇంజనీరింగ్ 966 కోట్ల రూపాయల బాండ్లు కొని దేశంలో రెండో స్థానంలో ఉందని తెలుగు జనానికి తెలిసింది అప్పుడే. అప్పటికి ఆరేళ్లూ ఆ పథకం నడిచిపోయింది, ఒక లోక్‌సభ ఎన్నికా, ఎన్నో అసెంబ్లీ ఎన్నికలూ జరిగిపోయాయి.

పాలకుల వైపు తెర దిగుతున్న కొద్దీ జనం వైపు తెర లేస్తూ వచ్చింది. 2014 ఆగస్టు 19 తెలంగాణలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. సమగ్ర కుటుంబ సర్వే కోసం ఆ రోజు సెలవిచ్చారు. ఇంట్లో లేకపోతే లెక్కలోంచి పోతామేమోనన్న టెన్షన్‌తో ముంబై, భివండీల నుంచి కూడా బస్సులెక్కి వచ్చారు. భూమి ఎంత, బండి ఉందా, బ్యాంకు ఖాతా ఎక్కడ, ఇంట్లో ఎవరికి ఏ జబ్బు, అన్నీ చెప్పారు. తర్వాత వేర్వేరు శాఖల డేటా కలిపి ‘సమగ్ర వేదిక’ అనే కంప్యూటర్ వ్యవస్థ తెచ్చారు. వాహనాల రిజిస్ట్రేషన్, కరెంటు కనెక్షన్, ఆస్తి పన్ను లాంటివి ఒకే మనిషి పేరు కిందికి చేర్చి, ఈ కుటుంబం రేషన్‌కు అర్హమా కాదా అని అది చెబుతుంది. పేరు కలిసిన పాపానికి ఇంకొకరి కారు తన ఖాతాలో పడి రేషన్ పోగొట్టుకున్న కుటుంబం ఉంది. కార్డు పోయినవాళ్లలో చాలామందికి అది షాపు దగ్గరే తెలిసింది, ఎందుకు పోయిందో డీలరుకూ తెలియదు. తెలంగాణలో రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డుల విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 2022లో కోర్టు ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించమంది. పేదవాడి బండి వివరం కంప్యూటర్‌కు తెలుసు. కంప్యూటర్ ఏ లెక్కన తీసేసిందో పేదవాడికి తెలియదు. సామాజిక తనిఖీలో ఆఫీసరును నిలబెట్టి అడిగారు సరే, ఇక్కడ ఎవర్ని నిలబెట్టి అడగాలి?

అన్నిటికన్నా చీకటి మూల ఫోన్ల నిఘా. 2024 మార్చిలో తెలంగాణలో ఒక కేసు నమోదైంది. స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచిలో కొందరు అధికారులు రాజకీయ నాయకుల ఫోన్లు అక్రమంగా విన్నారని, 2023 ఎన్నికల ఫలితాలు వచ్చాక హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని ఆరోపణ. అది నిజమా కాదా కోర్టు తేల్చాలి. అక్రమం సంగతి అలా ఉంచి, సక్రమంగా జరిగేది ఎలా ఉంటుందో చూద్దాం. ఫోన్ వినడానికి రాష్ట్రంలో అనుమతి ఇచ్చేది హోంశాఖ కార్యదర్శి. ఆ అనుమతి సరైనదేనా అని సమీక్షించేది ప్రధాన కార్యదర్శి నాయకత్వంలోని కమిటీ. జడ్జి ఎక్కడా కనిపించడు. ఎవరి ఫోన్ విన్నారో వాళ్లకు తర్వాత కూడా చెప్పరు. చెప్పనప్పుడు కోర్టుకెళ్లేదెవరు?

ఫోన్లలోకి చొరబడే పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ వ్యవహారంలో ఇది ఇంకా స్పష్టంగా తెలిసింది. దేశ భద్రత అన్న మాట వినగానే కోర్టు పక్కకు తప్పుకోదని 2021 అక్టోబరులో జస్టిస్ ఎన్.వి. రమణ ధర్మాసనం గట్టిగానే చెప్పి సాంకేతిక కమిటీ వేసింది. కమిటీ 29 ఫోన్లు చూసింది. ఐదింటిలో ఏదో మాల్‌వేర్ ఉందని, అది పెగాసస్సే అని తేల్చలేమని, ప్రభుత్వం సహకరించలేదని చెప్పింది. ఆ సంగతి 2022 ఆగస్టులో కోర్టులో చదివి వినిపించాక, నివేదికను తిరిగి సీల్డ్ కవర్‌లో పెట్టేశారు.

అంతకుముందు ఒకసారి ఈ తలుపు కొంచెం తెరుచుకుంది. ఫోన్లు వినడానికి కేంద్రం నెలకు ఎన్ని అనుమతులిస్తుందని ఒక సంస్థ సమాచార హక్కు కింద అడిగితే, హోంశాఖ జవాబిచ్చింది. నెలకు సగటున 7,500 నుంచి 9,000 దాకా అని. 2014లో ఆ అంకె బయటికొచ్చింది. పేర్లు లేవు, కారణాలు లేవు, వట్టి సంఖ్య. తర్వాతి సంవత్సరాల్లో ఇంకొకరు అలాంటి ప్రశ్నే అడిగారు. నిఘా ఉత్తర్వుల రికార్డులను ఆరు నెలలకోసారి ధ్వంసం చేయాలని నిబంధన ఉంది. కాబట్టి లెక్క లేదన్నారు.